భారత తపాలా రుసుములు, తపాలా శాఖ లోటు

భారత తపాలా రుసుములు అనగా ఉత్తరాలు, కార్డులు, పుస్తకాలు, పత్రికలు, పార్సిళ్ళు చేరవేసినందుకు భారత ప్రభుత్వ తపాలా శాఖ వసూలు చేసే సొమ్ము. 1854 నుండి సామాన్య ఉత్తరాల మీది రుసుమును చేరవేతకయ్యే ఖర్చును బట్టి కాక, సామాన్యుడు ఎంత ఇచ్చుకోగలడన్న అంచనాను బట్టి ప్రభుత్వం నిర్ణయిస్తూ వచ్చింది. అందువలన ఖర్చుకూ రాబడికీ మధ్య తేడా ఏర్పడుతూ ఉంటుంది. దీనినే తపాలా లోటు అంటారు. ఈ లోటును కేంద్ర ప్రభుత్వం తన సంచిత నిధి నుండి పూడుస్తుంది. కార్డు, కవరు చవకగా అమ్మడం వల్లనే తపాలా శాఖ నష్టపోతున్నదన్న అభిప్రాయం వాడుకలో ఉన్నది గానీ, లెక్కలు చూస్తే అది పాక్షిక సత్యం మాత్రమే. లోటులో అధిక భాగం జీతాలు, పింఛన్లు, మారుమూల గ్రామాల వరకు విస్తరించిన కార్యాలయాల నిర్వహణ వల్ల ఏర్పడుతున్నది.

దూరాన్ని బట్టి రుసుము

ఈస్టిండియా కంపెనీ పాలనలో రాబర్టు క్లైవు 1766లో ఏర్పరచిన తపాలా ప్రధానంగా కంపెనీ అవసరాల కొరకే నడిచేది. 1774లో వారన్ హేస్టింగ్సు దానిని ప్రజలకు కూడా అందుబాటులోకి తెచ్చాడు. అప్పటి రుసుము ఉత్తరానికి నూరు మైళ్ళకు రెండు అణాలు, అనగా ఒక బేడ. దీనిని చెల్లించడానికి వీలుగా రెండణాల రాగి బిళ్ళలు కూడా ముద్రించారు. మద్రాసులో పెద్ద తపాలా కార్యాలయం 1786లో ఏర్పడింది.

1837 నాటి చట్టం కంపెనీ ప్రాంతాలలో ఉత్తరాల చేరవేతపై ప్రభుత్వానికి గుత్తాధికారం ఇచ్చింది. రుసుము మాత్రం దూరంతో పాటు పెరుగుతూనే ఉండేది. కలకత్తా నుండి ఆగ్రాకు తులం బరువు ఉత్తరానికి పన్నెండు అణాలు, కలకత్తా నుండి బొంబాయికి ఒక రూపాయి పడేది. ఆనాటి కూలివానికి రూపాయి అంటే ఎన్నో రోజుల కష్టం. కనుక తపాలా వర్తకులకు, అధికారులకు మాత్రమే ఉపయోగపడేది. అధికారులలో చాలామందికి ఉచితంగా ఉత్తరాలు పంపుకునే హక్కు ఉండేది. వారు తమ స్వంత ఉత్తరాలనే కాక స్నేహితుల ఉత్తరాలను కూడా ఆ ముసుగులో పంపేవారని ఫిర్యాదులు వచ్చేవి. ఇచ్చుకోగలిగినవారు ఉచితంగా వాడుకుంటుండగా, ఆ భారం డబ్బు చెల్లించేవారి మీద పడేది.

చాలా ఉత్తరాలకు రుసుమును పంపినవారు కాక అందుకున్నవారు చెల్లించేవారు. ఇటువంటి ఉత్తరాన్ని బేరింగు ఉత్తరం అంటారు. డబ్బు ముందే ఇచ్చేస్తే బంట్రోతు ఉత్తరం చేరుస్తాడో లేదోనన్న అనుమానం జనంలో ఉండేది. డబ్బు రావలసి ఉంటే తప్పక తెస్తాడని నమ్మేవారు. కవరు పైన ముందుగా అనుకున్న గుర్తు ఒకటి వేసి పంపితే, అవతలివారు ఆ గుర్తు చూసి విషయం గ్రహించి, ఉత్తరం తీసుకోకుండా తిప్పి పంపడం కూడా జరిగేది. శాఖకు మాత్రం రానుపోను ఖర్చే మిగిలేది.

1854 సంస్కరణ - అర్ధణా

ఇంగ్లండులో రోలండు హిల్ సూచన మేరకు 1840లో దేశమంతటికీ ఒకే రుసుము, ముందుగా చెల్లించే బిళ్ళ పద్ధతి ప్రవేశపెట్టారు. ఉత్తరానికయ్యే ఖర్చులో దూరం పాత్ర చాలా స్వల్పమని, సేకరించడం, వేరుచేయడం, పంచడం అనేవే అసలు ఖర్చులని ఆయన వాదం. భారతదేశంలో దీనికి మొదటి ప్రయత్నం సింధు ప్రాంతంలో జరిగింది. అక్కడి కమీషనరు బార్టిల్ ఫ్రీర్ 1852 జూలై 1న అర్ధణా తపాలా బిళ్ళలు విడుదల చేశాడు. సింధ్ డాక్ అనబడే ఈ బిళ్ళలే ఆసియా ఖండంలో మొదటివి.

డల్హౌసీ గవర్నరు జనరలుగా ఉన్నప్పుడు 1854 అక్టోబరు 1 నుండి దేశమంతటికీ ఒకే రుసుము అమలులోకి వచ్చింది. పావు తులం (దాదాపు 3 గ్రాములు) వరకు బరువున్న ఉత్తరానికి, ఎంత దూరమైనా సరే, అర్ధణా. ముందుగా చెల్లించని ఉత్తరానికి రెట్టింపు. అధికారుల ఉచిత తపాలా హక్కు రద్దయింది. అప్పటికి దేశంలో ఉన్న తపాలా కార్యాలయాలు 701. పూర్వం రూపాయి పడిన దూరానికి అర్ధణా చాలునంటే తొలి సంవత్సరాలలో రాబడి పడిపోవడం సహజమే. అది తెలిసే ఈ మార్పు చేశారు. తపాలా ప్రభుత్వానికి పన్నులాగా రాబడినిచ్చే సాధనం కాదు, ప్రజోపయోగ సేవ అన్న భావన ఇక్కడి నుండే మొదలయింది.

తరువాతి కాలంలో రుసుము పెంచకుండానే బరువు పరిమితిని పెంచారు. 1869 నుండి అదే అర్ధణాకు అర తులం వరకు పంపవచ్చు. అనగా అసలు ధర తగ్గినట్లే. 1854 నుండి 1922 వరకు, 68 సంవత్సరాల పాటు, కనీస ఉత్తరం రుసుము అర్ధణాగానే ఉన్నది.

పోస్టు కార్డు

1879 జూలై 1న పావు అణా పోస్టు కార్డు వచ్చింది. పావు అణా అంటే ఒక కానీ. కాగితం, కవరు, బిళ్ళ వేరువేరుగా కొననవసరం లేకుండా అన్నీ ఒకే ముక్కలో ఇమిడి ఉండడం వలన కార్డు త్వరలోనే పల్లెలకు పాకింది. చదువురానివారు తపాలా కార్యాలయం అరుగు మీద కూర్చున్నవారి చేత కార్డు వ్రాయించుకోవడం, వచ్చిన కార్డును తపాలా బంట్రోతు చేతనే చదివించుకోవడం సర్వసాధారణమైపోయింది. దుర్వార్త తెచ్చే కార్డు అంచున నలుపు రంగు పూయడం, శుభవార్తకు మూలలకు పసుపు వ్రాయడం తెలుగునాట ఇటీవలి వరకు ఉన్న ఆచారాలే.

ఇదే కాలంలో తపాలా శాఖ ఉత్తరాలకు సంబంధించని పనులను కూడా చేపట్టింది. వి.పి. పద్ధతి 1877లో, మనియార్డర్లు 1880లో, పొదుపు బ్యాంకు 1882లో, తపాలా జీవిత బీమా 1884లో మొదలయ్యాయి. మలేరియాకు మందుగా క్వినైన్ పొట్లాలను కూడా తపాలా కార్యాలయాల్లో అమ్మేవారు. ఉత్తరం వల్ల రాని డబ్బు ఈ ఇతర పనుల వల్ల రావడం అప్పటి నుండే ఉన్నది. నేటికీ తపాలా శాఖ రాబడిలో పెద్ద వంతు పొదుపు పథకాల నిర్వహణకు గాను ఆర్థిక మంత్రిత్వ శాఖ చెల్లించే ప్రతిఫలమే.

1922 పెంపు, తరువాత

మొదటి ప్రపంచ యుద్ధానంతరం ధరలు, జీతాలు పెరగడంతో 1922లో ఉత్తరం రుసుమును అర్ధణా నుండి అణాకు, కార్డును పావు అణా నుండి అర్ధణాకు, అనగా రెండింటినీ రెట్టింపు చేశారు. నలభై మూడేళ్ళు ఒకే ధర ఉన్న కార్డు మీద ఇదే మొదటి పెంపు. ఖర్చుల తగ్గింపును పరిశీలించడానికి అదే కాలంలో నియమించిన ఇంచ్‌కేప్ సంఘం తపాలా శాఖ ఖర్చులను కూడా పరిశీలించింది.

రుసుములు పెరిగినా క్రింది ఉద్యోగుల జీతాలు అందుకు తగినట్లు పెరగలేదు. 1946 జూలై 11న బంట్రోతులు, ఇతర క్రింది శ్రేణి ఉద్యోగులు దేశవ్యాప్త సమ్మెకు దిగారు. తపాలా చరిత్రలో ఇది పెద్ద సమ్మెలలో ఒకటి.

నిజాం రాజ్యంలో ప్రత్యేక తపాలా ఉండేది. దాని తొలి బిళ్ళలు 1869లో వెలువడ్డాయి. 1871 నుండి వచ్చిన బిళ్ళలపై పర్షియన్, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలు కూడా కనిపిస్తాయి. ఈ బిళ్ళలు రాజ్యం లోపల మాత్రమే చెల్లేవి. సరిహద్దు దాటి బెజవాడకు గానీ మద్రాసుకు గానీ ఉత్తరం పంపాలంటే బ్రిటిషు ఇండియా బిళ్ళ అంటించవలసి ఉండేది. 1950లో ఈ తపాలా భారత తపాలాలో విలీనమైంది.

స్వాతంత్ర్యం తరువాత

1947లో దేశంలో 23,344 తపాలా కార్యాలయాలు ఉండేవి. వాటిలో 19,184 గ్రామాలలోనివి. నేడు మొత్తం సంఖ్య 1,64,000 దాటింది. పది కార్యాలయాలలో సుమారు తొమ్మిది గ్రామీణ ప్రాంతాలలోనే ఉన్నాయి. ప్రపంచంలో మరే దేశానికీ ఇన్ని తపాలా కార్యాలయాలు లేవు. ఈ విస్తరణ లాభం చూసుకొని చేసినది కాదు. ఈ కార్యాలయాలలో ఎక్కువ భాగం నష్టంతో నడుస్తాయని తెలిసే తెరిచారు.

1950 అక్టోబరు 2న ఇన్లాండు లెటరు ప్రవేశపెట్టారు. 1957 ఏప్రిల్ 1 నుండి అణాల స్థానంలో నయాపైసలు వచ్చాయి. 1980వ దశకమంతా పోస్టు కార్డు ధర 15 పైసలు. 1990వ దశకపు చివరలో 25 పైసలు, ఆ తరువాత 50 పైసలు అయింది. 2000వ దశకపు ఆరంభంలో కార్డు 50 పైసలు, ఇన్లాండు లెటరు రెండున్నర రూపాయలు, 20 గ్రాముల ఉత్తరం 5 రూపాయలుగా స్థిరపడినవి, ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా మారలేదు. ఈ కాలంలో బియ్యం, బస్సు ఛార్జీలు, కాగితం ధరలు ఎంత పెరిగాయో పాఠకులకు తెలిసినదే.

ఒకే కార్డుకు రకరకాల ధరలు పెట్టిన సందర్భం కూడా ఉన్నది. 1990వ దశకంలో దూరదర్శన్‌లో ప్రసారమైన సురభి వంటి కార్యక్రమాలు అడిగే ప్రశ్నలకు జవాబులుగా లక్షలాది కార్డులు వచ్చిపడేవి. పేదవారి కొరకు ఖర్చు కన్న తక్కువకు అమ్మే కార్డును పోటీల నిర్వాహకులు ఈ విధంగా వాడుకోవడం శాఖకు భారమైంది. అందువల్ల పోటీల కొరకు వేరే కార్డును ప్రవేశపెట్టారు. దీని ధర తరువాత 10 రూపాయలకు చేరింది. అచ్చు వేసిన కార్డులకు 6 రూపాయలు. ఇక 2002లో వచ్చిన మేఘదూత్ కార్డులో చిరునామా వైపు ప్రకటన అచ్చు వేసి, ప్రకటనదారు ఇచ్చే సొమ్ముతో కార్డును 25 పైసలకే అమ్మారు.

రుసుము నిర్ణయించే విధానం

1898 నాటి భారత తపాలా కార్యాలయ చట్టం మొదటి షెడ్యూలులో ఉత్తరాలు, కార్డులు, పుస్తకాల పొట్లాలు, రిజిస్టరైన వార్తాపత్రికలు మొదలైన వాటి గరిష్ఠ రుసుములు పొందుపరచబడి ఉండేవి. కనుక వాటిని పెంచాలంటే పార్లమెంటు ఆమోదం అవసరమయ్యేది. సాధారణంగా ఈ పెంపు ఆర్థిక బిల్లులో భాగంగా బడ్జెటు రోజున వచ్చేది. పది పైసల పెంపు కూడా దేశమంతటా వార్త అయ్యేది. ఏ ఆర్థిక మంత్రీ సామాన్యుని కార్డు మీద చేయి వేశాడన్న మాట పడడానికి ఇష్టపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. స్పీడు పోస్టు వంటి కొత్త సేవలకు ఈ బంధం లేదు. 1986 ఆగస్టు 1న మొదలైన స్పీడు పోస్టు ధరలను శాఖ మార్కెట్టును బట్టి మార్చగలిగింది.

అదే చట్టం ఉత్తరాల చేరవేతపై ప్రభుత్వానికి గుత్తాధికారం ఇచ్చింది. కానీ కొరియరు సంస్థలు తాము చేరవేసేవి ఉత్తరాలు కావు, పత్రాలు అని చెప్పి వ్యాపారం సాగించాయి. అవి నగరాల మధ్య, కార్యాలయాల మధ్య తిరిగే లాభసాటి తపాలాను తీసుకున్నాయి. కొండ మీద గూడేనికి పోవలసిన కార్డు మాత్రం ప్రభుత్వ సంచిలోనే మిగిలింది.

కార్డుకయ్యే ఖర్చు, లోటు లెక్క

శాఖ వార్షిక నివేదికల ప్రకారం 2016-17లో ఒక పోస్టు కార్డు చేరవేతకు సగటున 12 రూపాయలకు పైగా ఖర్చు కాగా, వచ్చినది 50 పైసలు. ఈ అంకెను తరచుగా ఉదహరిస్తూ ఉంటారు. అయితే దీని అర్థాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. బంట్రోతు జీతం, కార్యాలయం అద్దె, రైలులో సంచుల ఖర్చు మొదలైన మొత్తం వ్యయాన్ని ఆ సంవత్సరం వచ్చిన వస్తువుల మీద పంచగా వచ్చిన సగటు ఇది. బంట్రోతు సంచిలో వంద ఉత్తరాలున్నా ఇరవై ఉత్తరాలున్నా ఆయన నడిచే దూరం, ఆయనకిచ్చే జీతం ఒక్కటే. కనుక ఉత్తరాలు తగ్గిన కొద్దీ ఒక్కొక్క దాని సగటు ఖర్చు దానంతట అదే పెరుగుతుంది. 1990వ దశకపు చివరలో ఏడాదికి 1,500 కోట్లకు పైబడి ఉన్న తపాలా వస్తువుల సంఖ్య, టెలిఫోను, ఆ తరువాత సెల్‌ఫోను వ్యాప్తి వలన పదేళ్ళలో ఆరేడు వందల కోట్లకు పడిపోయింది.

లోటు పెరిగిన క్రమం చూస్తే మరొక విషయం తెలుస్తుంది. 2006-07లో లోటు సుమారు 1,250 కోట్ల రూపాయలు. ఆరవ వేతన సంఘం సిఫారసులు, వాటి బకాయిలు అమలైన తరువాత 2009-10లో అది సుమారు 6,600 కోట్లకు చేరింది. 2015-16లో సుమారు 6,000 కోట్లున్న లోటు, ఏడవ వేతన సంఘం సిఫారసులు అమలైన 2016-17లో దాదాపు 12,000 కోట్లు అయింది. 2018-19లో ఇది 15,000 కోట్లకు చేరిందని, బి.ఎస్.ఎన్.ఎల్., ఎయిర్ ఇండియాల నష్టాలను మించిందని పత్రికలలో వార్తలు వచ్చాయి. ఆ ఏడాది జీతభత్యాలకు 16,000 కోట్లకు పైగా, పింఛన్లకు దాదాపు 9,800 కోట్లు కేటాయింపు ఉండగా, రాబడి అంచనా 18,000 కోట్లు మాత్రమే. ఈ కాలమంతటా కార్డు, కవరు ధరలలో మార్పు లేదు. అనగా లోటు దాదాపు పన్నెండు రెట్లు కావడానికి కార్డు ధర కారణం కాజాలదు.

దీనినే మరొక విధంగా లెక్కించవచ్చు. ఏడాదికి 600 కోట్ల తపాలా వస్తువులున్నాయనుకొని ఒక్కొక్క దానిమీద రూపాయి చొప్పున అదనంగా వసూలు చేసినా, వాటి సంఖ్య ఏమాత్రం తగ్గకపోయినా, వచ్చేది 600 కోట్లు. 2016-17 లోటులో ఇది ఇరవయ్యో వంతు. పైగా ధర పెరిగితే సంఖ్య తగ్గుతుంది.

పింఛన్లను శాఖ ఖర్చుగా లెక్కించడం సమంజసమా అన్న చర్చ కూడా ఉన్నది. రక్షణ, విద్య వంటి ఇతర శాఖలు పింఛన్లు చెల్లించినప్పుడు వాటిని నష్టం అని ఎవరూ అనరు. తపాలా శాఖకు రాబడి కూడా ఉండడం వలన దానిని వాణిజ్య సంస్థ వలె కొలుస్తున్నారు. 1985 జనవరి 1న తంతి తపాలా శాఖను రెండుగా విడదీయడంతో, ఎదుగుతున్న టెలిఫోను రాబడి టెలికం శాఖకు పోయి, తపాలా శాఖ ఒంటరిగా మిగిలిన సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

గ్రామీణ శాఖలు, డాక్ సేవకులు

గ్రామంలో కొత్తగా శాఖా తపాలా కార్యాలయం తెరవడానికి శాఖ పాటించే ప్రమాణాలు ఆసక్తికరమైనవి. మామూలు ప్రాంతాలలో సమీప కార్యాలయానికి కనీసం 3 కిలోమీటర్ల దూరం, 3,000 జనాభా ఉండాలి. రాబడి ఖర్చులో మూడో వంతు ఉంటే చాలు. కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాలలో ఖర్చులో 15 శాతం రాబడి ఉన్నా సరిపోతుంది, జనాభా నిబంధన కూడా ఎంతో తక్కువ. అంటే నూరు రూపాయల ఖర్చులో మైదాన గ్రామంలో దాదాపు 67 రూపాయలు, గిరిజన గ్రామంలో 85 రూపాయలు ప్రభుత్వమే భరించడానికి ముందుగానే అంగీకరించినదన్నమాట. విశాఖ, తూర్పు గోదావరి, ఖమ్మం, ఆదిలాబాదు ఏజెన్సీలలోని శాఖలను ఈ దృష్టితో చూడాలి.

ఈ శాఖలు నడుస్తున్నది గ్రామీణ డాక్ సేవకుల వలన. పూర్వం వీరిని ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు, వాడుకలో ఇ.డి.లు అనేవారు. దేశంలో వీరి సంఖ్య సుమారు రెండున్నర లక్షలు. రోజుకు నాలుగైదు గంటల పని. బడిపంతులు, కిరాణా కొట్టు యజమాని, చిన్న రైతు వంటివారు తమకున్న జీవనాధారానికి తోడుగా ఈ పని చేయడం బ్రిటిషు కాలం నుండి వచ్చిన పద్ధతి. బ్రాంచి పోస్టుమాస్టరే కార్యాలయానికి చోటు చూపించాలి. చాలా గ్రామాలలో అది ఆయన ఇంటి వసారాయే. వీరు ప్రభుత్వ సేవలో పౌర పదవులు కలవారేనని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. అయినా క్రమబద్ధ ఉద్యోగుల జీతం, పింఛను వీరికి వర్తించవు. కమలేష్ చంద్ర సంఘం సిఫారసుల తరువాత 2018లో బ్రాంచి పోస్టుమాస్టరు కనీస భత్యం నాలుగు గంటల పనికి 12,000 రూపాయలు, అయిదు గంటలకు 14,500 రూపాయలు అయింది. దానిమీద కరువు భత్యం అదనం. అర్ధ రూపాయి కార్డుకు సబ్సిడీ ఇస్తున్నది కేంద్ర ఖజానా ఒక్కటే కాదు, ఈ తక్కువ ప్రతిఫలం ద్వారా డాక్ సేవకుడు కూడా ఇస్తున్నాడు. శాఖ లోటు లెక్కలలో ఈ రెండవ సబ్సిడీ కనిపించదు.

ఈ యంత్రాంగం ఉత్తరాలకే పరిమితం కాదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన తరువాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూలీల వేతనాలు విస్తృతంగా తపాలా కార్యాలయాల ద్వారానే అందాయి. బ్యాంకు శాఖ లేని గ్రామంలో కూడా తపాలా కార్యాలయం ఉండడమే దీనికి కారణం. 2018 సెప్టెంబరు 1న ప్రారంభమైన ఇండియా పోస్టు పేమెంట్సు బ్యాంకు కూడా ఈ శాఖల మీద, డాక్ సేవకుల మీద ఆధారపడినదే.

పుస్తకాలు, పత్రికల తపాలా

చదువుకు తోడ్పడుతుందన్న ఉద్దేశంతో పుస్తకాలకు, పత్రికలకు తక్కువ రుసుములు నిర్ణయించారు. అంధుల లిపిలోని పుస్తకాలకు రుసుమే లేదు. శాఖ వద్ద రిజిస్టరైన పత్రికకు 50 గ్రాముల వరకు ప్రతికి 25 పైసలు మాత్రమే పడేది. ఈ సౌకర్యం కొరకు పత్రికపై తపాలా రిజిస్ట్రేషను సంఖ్య అచ్చు వేయాలి, నిర్ణయించిన తేదీలలోనే తపాలాలో వేయాలి. దుకాణాలలో దొరకని తెలుగు సాహిత్య మాసపత్రికలు, చిన్న పత్రికలు చందాదారులకు చేరుతున్నది ఎక్కువగా ఈ మార్గంలోనే. అటువంటి పత్రిక ఏడాది చందాలో తపాలా ఖర్చు నామమాత్రం కావడం వలననే కొన్ని దశాబ్దాలు నిలువగలిగాయి. పెళ్ళి శుభలేఖల కవరును అంటించకుండా మడత లోపలికి దోపి, పైన బుక్ పోస్ట్ అని వ్రాసి పంపడం కూడా ఈ రాయితీ వలన ఏర్పడిన అలవాటే.

రిజిస్టర్డు పుస్తకాల పొట్లాలకు ఉండిన ప్రత్యేక రుసుము 2024 డిసెంబరులో కొత్త నిబంధనలు అమలైనప్పుడు రద్దయింది. అంతవరకు 5 కిలోల పుస్తకాలు సుమారు 80 రూపాయలకు దేశంలో ఎక్కడికైనా పోయేవి. మామూలు పార్సిలుగా పంపితే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. ముందస్తు ప్రకటన లేకుండా జరిగిన ఈ మార్పుపై ప్రచురణకర్తలు, పాఠకులు నిరసన తెలిపారు. వంద రూపాయల పుస్తకానికి తపాలా ఖర్చు కూడా అంతే అయితే కొనేవారుండరన్నది వారి ఆందోళన. 2025 మే 1 నుండి జ్ఞాన్ పోస్ట్ పేరిట పుస్తకాలకు మళ్ళీ ప్రత్యేక సేవ ప్రారంభించారు. దీనిలో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. పాత రుసుము కన్న ఎక్కువే అయినా పార్సిలు కన్న చవక.

ఇతర దేశాలలో

రుసుములు పెంచి లోటు తీర్చవచ్చునా అన్న ప్రశ్నకు అమెరికా అనుభవం ఉపయోగపడుతుంది. అక్కడ మామూలు ఉత్తరం బిళ్ళ ధర 2019 ఆరంభంలో 55 సెంట్లు. పలుమార్లు పెంచగా 2025 జూలైలో 78 సెంట్లు అయింది. అయినా 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ దేశపు తపాలా సంస్థ దాదాపు 950 కోట్ల డాలర్ల నష్టం చూపింది. పదవీ విరమణ చేసినవారి ఆరోగ్య ఖర్చులకు ముందుగానే నిధి జమ చేయాలన్న 2006 చట్టం వారి నష్టాలకు పెద్ద కారణం. దానిని 2022లో సడలించారు. డెన్మార్కులో ఉత్తరాలు బాగా తగ్గిపోవడంతో పోస్ట్‌నార్డ్ సంస్థ 2025 చివరలో ఉత్తరాల బట్వాడానే నిలిపివేసింది.

2023 చట్టం, ఇటీవలి మార్పులు

తపాలా కార్యాలయ చట్టం, 2023 అమలులోకి వచ్చిన 2024 జూన్ 18తో 1898 నాటి చట్టం రద్దయింది. కొత్త చట్టంలో ఉత్తరాల చేరవేతపై గుత్తాధికారం లేదు. తపాలా బిళ్ళలు విడుదల చేసే ప్రత్యేక హక్కు మాత్రం శాఖకు కొనసాగుతుంది. రుసుముల షెడ్యూలు కూడా చట్టంలో లేదు. వాటిని తపాలా సేవల డైరెక్టరు జనరలు నిబంధనల ద్వారా నిర్ణయిస్తారు. దీనివలన శాఖకు సమయానుకూలంగా ధరలు మార్చుకునే వీలు కలిగింది. అదే సమయంలో కార్డు ధర పార్లమెంటులో చర్చకు వచ్చే అవకాశం సన్నగిల్లింది. పుస్తకాల రాయితీ విషయంలో జరిగినది దీనికి తొలి ఉదాహరణగా చెప్పవచ్చు.

2025లో రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో విలీనం చేశారు. కోర్టు నోటీసులు, నియామక పత్రాలు, బ్యాంకు కాగితాలకు దీర్ఘకాలం ఆధారమైన ఈ పేరు ఇప్పుడు స్పీడు పోస్టుకు 5 రూపాయల అదనపు రుసుముతో లభించే సౌకర్యంగా మాత్రమే మిగిలింది. 2025 అక్టోబరు 1 నుండి 50 గ్రాముల వరకు స్పీడు పోస్టుకు స్థానికంగా 19 రూపాయలు, మిగిలిన దూరాలన్నిటికీ 47 రూపాయలు, పన్ను అదనం. అంతకుముందు ఇవి 15, 35 రూపాయలుగా ఉండేవి. విద్యార్థులకు 10 శాతం తగ్గింపు ఉన్నది.